మాయమైన నిమిషాల మిస్టరీ

బంగళాలో అయిదుగురున్నారు. టప్పున కరెంటు పోయింది. పైగదిలోంచి ఓ కేక. దీపం వెలిగించి చూస్తే నలుగురే మిగిలారు. మెట్ల మీద బూట్ల చప్పుడు. ముసుగు మనిషి ఒక్కో మెట్టూ దిగొస్తున్నాడు. కథానాయిక వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. వణుకుతున్న చెయ్యి చాచి, ముసుగు పట్టుకుని లాగబోయింది...

అంతే! తెరంతా నీలిరంగు. డిస్కు అయిపోయింది. రెండోది పెట్టాలి.

తాతగారు విసుక్కుంటారు. అమ్మ ఆ సందులో వంటింట్లోకెళ్లి పొయ్యి మీద పాలు చూసొస్తుంది. పిల్లాడు రెండో డిస్కు తీసి, చొక్కా అంచుతో తుడిచి ప్లేయర్లో పెడతాడు. అది కాసేపు గిర్రున తిరిగి, ఆలోచించుకుని, మొరాయిస్తుంది. 2000 ప్రాంతంలో వీసీడీలు చూసిన తెలుగిళ్లలో ఈ ముచ్చట తెలియనివాళ్లు అరుదు. ఆ రోజుల్లో మిస్టరీ సినిమాకి ఇద్దరు విలన్లు. ఒకడు ముసుగులో ఉండేవాడు. రెండోవాడు డిస్కు మీద గీతలో ఉండేవాడు!

ఆ రెండో విలన్‌ని తిట్టుకోవడంలో పడి చాలామంది మూడోవాణ్ని పట్టించుకోలేదు. అసలు ఆ డిస్కుల్లో సినిమా మొత్తం ఉందా? హాల్లో చూసిన నిమిషాలన్నీ ఇంటికొచ్చాయా? రాకపోతే ఎక్కడికి పోయాయి? హంతకుడెవరో సినిమా చివర్లో తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలకి జవాబు మాత్రం ప్రేక్షకుడే వెతుక్కోవాలి.

బాక్సు కన్నా ముందే బస్సు

ఉత్తరాంధ్రలో నర్సీపట్నం లాంటి ఊళ్లకి ఒకప్పుడు కొత్త సినిమా తీరిగ్గా వచ్చేది. ఊరి పేరు పెట్టుకున్న నర్సీపట్నం రోడ్డు రైల్వేస్టేషనే ఊరికి బోలెడు దూరం. రైలు దిగి మళ్లీ రోడ్డెక్కాలి. సినిమా బాక్సు సంగతీ ఇంచుమించు అంతే. ముందు విశాఖపట్నం లాంటి పెద్ద సెంటర్లలో ఆడి, అక్కడ జనం పల్చబడ్డాక చిన్న ఊళ్ల దారి పట్టేది. ఏజెన్సీకి ముఖద్వారం లాంటి ఊరు కాబట్టి, సంతకీ ఆసుపత్రికీ కొండదిగి వచ్చినవాళ్లు కూడా పనిలో పనిగా ఆట చూసి వెళ్లేవాళ్లు.

ఈ ఆలస్యం వల్ల పౌరాణికానికి నష్టం లేదు. రావణుడు చనిపోతాడని ఎవరికి తెలియదు? కుటుంబకథకీ ఫర్వాలేదు. ఏడవాల్సినచోట ఏడుపు ఎలాగూ వస్తుంది. చచ్చిందల్లా మిస్టరీ సినిమానే. బాక్సు రావడానికి ముందే హంతకుడి పేరు బస్సెక్కి వచ్చేసేది. పట్నంలో చదువుకునే కుర్రాడు సెలవులకి వచ్చాడంటే, అరుగు మీద కూర్చుని తలుపుచాటు మనిషెవరో తేల్చిపారేసేవాడు.

ఈ బాధ తెలుగువాళ్లకి కొత్త కాదు. అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలో, మధుబాబు షాడో నవలో తెచ్చుకుని రాత్రంతా దీపం పెట్టుకుని చదివితే, సరిగ్గా ఆఖరి పేజీ చిరిగిపోయి ఉండేది. ఇంకో పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే హంతకుడి పేరు పెన్నుతో రాసిపెట్టేవాడు.

బయటి ప్రపంచం కూడా ఈ గుట్టు కాపాడుకోవడానికి నానా తంటాలూ పడింది. 1955లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘లె దియాబొలిక్’ చివర్లో ముగింపు బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని బతిమాలుకుంది. 1960లో హిచ్‌కాక్ ‘సైకో’ విడుదల చేసినప్పుడు ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని హాళ్లవాళ్లకి షరతు పెట్టాడు. మరి సినిమా ఇంటికే వచ్చేస్తే? తలుపు దగ్గర ఎవరు నిలబడతారు?

ఆ కళ్ళు... ఆ అడవి

తెలుగులో మిస్టరీలు లెక్కకి తక్కువే కానీ గుర్తుండిపోయేవి ఉన్నాయి. హిందీలో రాజ్ ఖోస్లా తీసిన ‘వో కౌన్ థీ’ 1964లో వచ్చింది. దాన్నే 1966లో జగ్గయ్య, జయలలితలతో ‘ఆమె ఎవరు?’గా తీశారు. ఆ మరుసటేడు, 1967లో, ఏవీఎం వారి ‘అవే కళ్ళు’. దర్శకుడు ఏసీ తిరులోకచందర్. కృష్ణ, కాంచన జంట. తమిళంలో అదే కథ ‘అదే కంగళ్’. ఓ పెద్ద ఇల్లు, ఇంట్లోవాళ్లని వెంటాడే ముసుగు మనిషి, ఎవరిని చూసినా అనుమానం. పేరులోనే ఉంది కిటుకంతా... గుర్తుపట్టాల్సింది కళ్ళని!

తర్వాత చాలా ఏళ్లకి, 1985లో వంశీ ‘అన్వేషణ’ వచ్చింది. కార్తీక్, భానుప్రియ. ఇళయరాజా సంగీతం, ఎం.వి.రఘు కెమెరా. పక్షుల కూతల్లో స్వరాలు వెతుక్కుంటూ ఓ అమ్మాయి అడవికి వస్తుంది. ఆ అడవిలో మనుషులు చనిపోతుంటారు. పులి పనా, మనిషి పనా? ఆకు కదిలినా గుండె జారుతుంది. షూటింగు తలకోన అడవుల్లో జరిగింది కానీ, నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కినవాళ్లకి ఆ పొగమంచూ ఆ చెట్లూ ఎక్కడివో వేరే చెప్పక్కర్లేదు. మన కొండల్లోనే తీశారనుకున్నా ఆశ్చర్యం లేదు. ఆ మరుసటేడే జంధ్యాల, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా చిరంజీవిని డిటెక్టివ్‌ని చేసి ‘చంటబ్బాయ్’ తీశారు. అందులో భయం కన్నా నవ్వే ఎక్కువ.

హాళ్లలోంచి వెళ్లిపోయాక ఈ సినిమాలకి రెండో జన్మ ఇంట్లోనే దొరికింది.

రాత్రికి అద్దె... తెల్లారితే వాపసు

1980ల్లో వీసీపీ వచ్చింది. సొంతంగా కొనుక్కునే స్తోమత కొద్దిమందికే. మిగతావాళ్లకి వీడియో లైబ్రరీనే గతి. సాయంత్రం రిక్షాలో కలర్ టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు వచ్చేవి. తెల్లారేసరికి అన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఒక రాత్రికి నాలుగు సినిమాలు! మొదటిది భక్తి సినిమా, పెద్దవాళ్ల కోసం. రెండోది కుటుంబకథ. మూడోది ఫైటింగు. మిస్టరీ వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. సగంమంది నిద్రలో జోగుతూ ఉంటే, మేలుకున్నవాళ్లు దుప్పట్లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి చూసేవాళ్లు. మిస్టరీ సినిమాకి అంతకన్నా మంచి వేళ ఏముంటుంది?

హాల్లో లేని సౌకర్యం ఒకటి అప్పుడే మొదటిసారి ప్రేక్షకుడి చేతికొచ్చింది. అదే వెనక్కి తిప్పడం! ‘ఆగాగు... వాడి చేతిలో గడియారం ఇందాక లేదు. మళ్లీ వెయ్యి’ అనగలిగాడు. మిస్టరీ సినిమా తీసినవాళ్లకి ఇదో కొత్త పరీక్ష. హాల్లో ఒక్కసారి చూసి వెళ్లిపోయేవాడి కళ్ళుగప్పడం సులువు. ఆపి ఆపి చూసేవాడి దగ్గర కాదు. ఆ పరీక్షకి నిలబడ్డ సినిమాలే ఇప్పటికీ బతికున్నాయి.

1990ల చివర్లో వీసీడీలు వచ్చాయి, వెనకాలే డీవీడీలు. 2007 ప్రాంతంలో మోసర్‌బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకీ, డీవీడీని 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా లెక్కలు తారుమారయ్యాయి. అద్దెకి తెచ్చుకునే సినిమా సొంతమైంది. బజారుకెళ్లి కూరగాయలతోపాటు పాత సినిమా కూడా సంచిలో వేసుకుని రావచ్చు. టీవీ పక్కన అరలో డిస్కుల దొంతరలు పెరిగాయి. ఆ కంపెనీ తర్వాత దివాలా తీసింది. 2018లో దాన్ని మూసి ఆస్తులు అమ్మెయ్యమని ట్రైబ్యునల్ ఆదేశించింది. డిస్కులు మాత్రం ఇంకా చాలా ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి.

కత్తెర ఎక్కడ పడింది?

ఇప్పుడు అసలు కేసులోకి వద్దాం.

వీసీడీలో పట్టేది సుమారు 74 నుంచి 80 నిమిషాలు. పాత తెలుగు సినిమా రెండున్నర గంటల పైమాటే. న్యాయంగా అయితే మూడు డిస్కులు కావాలి. రెండింట్లో సర్దేయాలంటే ఏదో ఒకటి పోవాల్సిందే. బొమ్మ సంగతి చూసినా అంతే. వీసీడీ బొమ్మలో చుక్కలు అడ్డంగా 352, నిలువుగా 288. డీవీడీలో 720, 576. అంటే డీవీడీలో కనిపించేదాంట్లో నాలుగో వంతు. ‘అవే కళ్ళు’ లాంటి సినిమాలో కళ్ళు చూసే కదా మనిషిని పట్టుకోవాలి! ఆ కళ్ళే మసకబారిపోతే ప్రేక్షకుడు డిటెక్టివ్ పని చేసేదెలా?

ఇక ప్రింటు సంగతి. సెకనుకి 24 బొమ్మలు కదులుతాయి. ఫిల్ము తెగిన ప్రతిసారీ ఆపరేటరు చిరిగిన ముక్క కత్తిరించి అతికించేవాడు. ఊరూరా తిరిగి, పది చోట్ల తెగి, పది చోట్ల అతుకుపడ్డ ప్రింటు నుంచే క్యాసెట్టు తయారుచేస్తే ఆ ముక్కలన్నీ శాశ్వతంగా పోయినట్టే. పాటలో ఓ చరణం పోతే జనం గొణుక్కుని ఊరుకుంటారు. మిస్టరీలో అలా కాదు. నాలుగు సెకన్లపాటు బల్ల మీద కనిపించే తాళంచెవి పోతే కథే పోతుంది. చివర్లో డిటెక్టివ్ ‘ఆ తాళంచెవి చూడగానే నాకు అనుమానం వచ్చింది’ అంటాడు. ఏ తాళంచెవి? ఇంట్లో అందరూ మొహాలు చూసుకుంటారు. సినిమా తీసినవాళ్లకి తెలివిలేదని తీర్మానిస్తారు. తప్పు దర్శకుడిది కాదు, కత్తెరది!

అట్ట వెనక ఆధారం

మరి సినిమాలో ఎంత పోయిందో కనిపెట్టేదెలా? దీనికి యుగంధర్ అక్కర్లేదు. ఎక్కాలు వస్తే చాలు.

సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్టు వేస్తారు. అది పడగానే రిమోట్ నొక్కి దాటేస్తాం. కానీ అందులో పొడవు మీటర్లలో, రీళ్లు అంకెల్లో ఉంటాయి. వీడియోలకీ ఆ నియమం ఉంది. కాపీరైట్ చట్టంలో 52ఏ సెక్షన్ ప్రకారం, వీడియోగా అమ్మే సినిమాతోపాటు సెన్సారు సర్టిఫికెట్టు నకలు, తయారుచేసినవారి పేరు, చిరునామా చూపించాలి. దొంగ క్యాసెట్ల బెడద చూసి 1984లో ఈ సెక్షన్ చేర్చారు. దొంగల్ని పట్టుకోవడానికి పెట్టిన ఆ కాగితమే మాయమైన నిమిషాల్నీ పట్టిస్తుంది.

లెక్క ఇలా. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. అంటే దాదాపు 27.4 మీటర్లు. సర్టిఫికెట్టు మీద 4,400 మీటర్లు ఉందనుకుందాం. దాన్ని 27.4తో భాగిస్తే 160 నిమిషాలు వస్తుంది. డిస్కులన్నీ కలిపి 138 నిమిషాలే నడిచాయి. 22 నిమిషాలు గల్లంతు! దొంగ దొరికాడా?

ఆగండి. ఏ మిస్టరీలోనూ మొదట అనుమానించినవాడు దోషి కాడు. మన టీవీల పాల్ పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు. 24 చొప్పున తీసిన సినిమాని 25 చొప్పున వేస్తే కాస్త తొందరగా అయిపోతుంది. 160 నిమిషాల సినిమా ఏ కత్తెరా పడకుండానే 154 నిమిషాల్లో ముగుస్తుంది. అంటే ఆరు నిమిషాల విషయంలో ఎవరూ దొంగ కాదు. నిజంగా పోయింది 16 నిమిషాలు. ఈ వేగం తేడాని సరిచేయకపోతే పాటల శ్రుతి కూడా దాదాపు ముప్పావు స్వరస్థానం పైకి జరుగుతుంది. ‘అన్వేషణ’ పాటల్ని క్యాసెట్టులో విని విని పెరిగినవాళ్లు వీడియోలో వినగానే ‘ఏదో తేడాగా ఉందే’ అనుకుంటే వాళ్ల చెవిది తప్పు కాకపోవచ్చు.

అంచున నిలబడ్డవాడు

నిమిషాలు పూర్తిగా ఉన్నా బొమ్మ పూర్తిగా ఉంటుందన్న నమ్మకం లేదు. దీనికి మంచి సాక్షి నర్సీపట్నం పైనున్న కొండలే. కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ చింతపల్లి ప్రాంతంలో తీశారు. 1974 మే 1న విడుదలైంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఆ వెడల్పు తెర మీద కొండల వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉంటుంది. అలాంటి బొమ్మని పాత నలుచదరం టీవీకి నిండుగా సరిపెడితే వెడల్పులో నూటికి 43 పాళ్లు బయటే ఉండిపోతాయి. చింతపల్లి కొండ సగం కోసుకుపోయినట్టే.

కొండ సగమైనా కథకి ఇబ్బంది లేదు. అదే మిస్టరీ అయితే? దర్శకుడు హీరోహీరోయిన్లని మధ్యలో నిలబెట్టి మాట్లాడిస్తాడు. తెర అంచున, తలుపు పక్కన, ఓ నౌకరు నిలబడి వింటుంటాడు. అదే ఆధారం. టీవీలో ఆ నౌకరు లేడు! ఇవాళ వెడల్పు టీవీలు వచ్చాయి కాబట్టి ఆ బాధ తగ్గిందనుకుంటే పొరపాటు. పాత క్యాసెట్ల నుంచి తీసిన బొమ్మనే ఇప్పుడు యూట్యూబ్‌లో అటూ ఇటూ సాగదీసి, మూలన పెద్ద లోగో వేసి పెట్టినవి కొల్లలు. కత్తిరించిన బొమ్మని ఎంత సాగదీసినా నౌకరు తిరిగిరాడు.

ఎవరి ఆస్తి?

మన చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైట్ 60 ఏళ్లు. విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి లెక్క. 1966 నాటి ‘ఆమె ఎవరు?’కి 2026 చివరితో, 1967 నాటి ‘అవే కళ్ళు’కి 2027 చివరితో ఆ గడువు తీరుతుంది. ఆ తర్వాత ఎవరైనా విడుదల చేసుకోవచ్చు. పండగేనా?

అమెరికాలో ఓ ఉదాహరణ ఉంది. కేరీ గ్రాంట్, ఆడ్రీ హెప్‌బర్న్ నటించిన ‘షరాడ్’ 1963లో వచ్చింది. చక్కని మిస్టరీ. అప్పటి అమెరికా చట్టం ప్రకారం సినిమాలో కాపీరైట్ ప్రకటన సరైన పద్ధతిలో ఉండాలి. అది సరిగా వెయ్యలేదు. దాంతో విడుదల రోజు నుంచే ఆ సినిమా అందరి సొత్తయింది. వీడియోల కాలం రాగానే చేతికి దొరికిన ప్రింటుతో ఎవరికివారు క్యాసెట్లు వేశారు. వెలిసిన రంగులు, గీతలు, గరగర. ఎక్కడ చూసినా అదే సినిమా... చూడదగ్గ కాపీ మాత్రం అరుదు! హక్కు పోవడం ఒక్కటే చాలదు. అసలు నెగెటివ్ ఎవరి దగ్గరో భద్రంగా ఉండాలి.

అసలైన కీడు అక్కడే ఉంది. చాలా సినిమాలకి హాలు హక్కు ఒకరిది, వీడియో హక్కు ఇంకొకరిది, టీవీ హక్కు మరొకరిది. నెగెటివ్ బాధ్యత తీసుకునేవాళ్లు కరువు. ఎండకీ ఉక్కకీ ఫిల్ము పులిసి, వినిగర్ వాసనేసి, ముడుచుకుపోతుంది. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దాని ప్రింటు ఇవాళ చూద్దామన్నా లేదు. పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే జరగాల్సిన నష్టం చాలా జరిగిపోయింది.

దొరికిన నిమిషాలు

అన్ని కేసులూ విషాదాంతం కాదు. 1946లో వచ్చిన హాలీవుడ్ మిస్టరీ ‘ది బిగ్ స్లీప్’లో కథ ఓ పట్టాన అర్థం కాదని పేరు. అందులో కారు డ్రైవర్ని ఎవరు చంపారని దర్శకుడు నవలా రచయిత రేమండ్ చాండ్లర్‌కి టెలిగ్రాం ఇస్తే, తనకీ తెలియదని జవాబొచ్చిందని చెబుతారు. విచిత్రం ఏమిటంటే 1945లోనే ఆ సినిమా ఒకసారి పూర్తయింది. అందులో కేసుని విడమరచి చెప్పే సన్నివేశం ఉంది. కథానాయకుడూ కథానాయికా కలిసుండే సన్నివేశాలు పెంచడం కోసం దాన్ని తీసేశారు. ఆ పాత కూర్పు దాదాపు అర్ధశతాబ్దం అటకెక్కింది. దాన్ని బాగుచేసి 1997లో హాళ్లలో చూపించారు. తర్వాత డీవీడీలో రెండు కూర్పులూ కలిపి ఇచ్చారు. ఇంట్లో కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏది పోయిందో ఏది వచ్చిందో చూసుకునే భాగ్యం ప్రేక్షకుడికి దక్కింది. హోమ్ వీడియో చేయగల మేలు అంటే అదీ!

మన దగ్గరా ఆశ చచ్చిపోలేదు. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన సినిమాలు పదింటిని 31 నగరాల్లో పెద్ద తెర మీద వేసింది. వాటిలో హత్య చుట్టూ తిరిగే ‘సుడిగుండాలు’ కూడా ఉంది. దేవదాసుకీ మాయాబజార్‌కీ దక్కిన ఆదరణ మిస్టరీలకీ దక్కితే ముసుగు మనిషి కళ్ళు మళ్లీ మెరుస్తాయి.

అందాకా ఇళ్లలో చేయగలిగింది కొంచెం ఉంది. అటక మీదున్న పాత డిస్కుల్ని తూకానికి వేసేముందు ఒకసారి అట్ట తిప్పి చూడండి. సర్టిఫికెట్టులో మీటర్లెన్నో, డిస్కులో నిమిషాలెన్నో లెక్కేయండి. పిల్లలకి ఈ లెక్క అప్పగిస్తే సెలవు రోజు సరదాగా గడిచిపోతుంది. యూట్యూబ్‌లో ఉన్న కాపీ కన్నా మీ డిస్కులో పది నిమిషాలు ఎక్కువున్నాయని తేలితే దాన్ని జాగ్రత్త చెయ్యండి. గీతలు పడకుండా డబ్బాలో నిలబెట్టి, ఎండ తగలనిచోట ఉంచండి. ఎవరికి తెలుసు, నౌకరు తలుపు పక్కన నిలబడి ఉన్నది ఆ ఒక్క కాపీలోనేనేమో!

ఇక పిల్లలతో కలిసి ఆ సినిమా చూసేటప్పుడు పెద్దవాళ్లకి ఒకే ఒక్క మనవి. సినిమా మీకు కంఠతా వచ్చు, నిజమే. అయినా సరే... హంతకుడెవరో ముందే చెప్పెయ్యకండి!